సీ, కోబాల్ నుంచి ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్‌కు: అనుభవం ఉన్నవాళ్లు ఎలా మారాలి?

ధవళేశ్వరం: పది, పదిహేనేళ్లుగా సీ, కోబాల్, ఫాక్స్‌ప్రో, పీఎల్ ఎస్‌క్యూఎల్ లాంటి వాటిలో పనిచేసినవాళ్లు మన కుటుంబాల్లోనూ ఉన్నారు. హైదరాబాద్‌లో, బెంగళూరులో, గల్ఫ్‌లో జీతాల పట్టీలు, స్టాకు లెక్కలు, బిల్లింగ్ ప్రోగ్రాములు నడిపించినవాళ్లే. ఇప్పుడు వాళ్లు ఉద్యోగం మారాలంటే ఇంటర్వ్యూలో మొదట వచ్చే మాట "ఓఓపీ వచ్చా?" అనే. అంటే ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్. నిన్న మొన్న డిగ్రీ అయిన పిల్లలు క్లాస్, ఇన్‌హెరిటెన్స్ అని గడగడా చెప్పేస్తుంటే, నలభై దాటిన మనిషికి మళ్లీ ఒకటో తరగతిలో కూర్చోబెట్టినట్టు ఉంటుంది. ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు ఆ ఉద్యోగం మీదే ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు.

ఈ మార్పులో కొత్తగా నేర్చుకోవాల్సింది ఎంత, మీకు ముందే తెలిసింది ఎంత, ఎక్కడ తడబడతారు, ఏ వరుసలో నేర్చుకుంటే మంచిది అనేవి ఇక్కడ ఒక్కచోట ఇస్తున్నాం.

రెండు పద్ధతుల మధ్య తేడా ఏమిటి?

ప్రొసీజరల్ పద్ధతిలో డేటా ఒక చోట, పని చేసే ఫంక్షన్లు ఇంకో చోట ఉంటాయి. మొదట ఇది చెయ్, తర్వాత అది చెయ్ అని వరుసగా రాస్తాం. ఏ ఫంక్షన్ అయినా ఏ డేటానైనా ముట్టుకోవచ్చు. అలా ముట్టుకోకుండా జాగ్రత్త పడాల్సింది ప్రోగ్రామరే.

ఆబ్జెక్ట్ పద్ధతిలో డేటానూ, దాని మీద పనిచేసే ఫంక్షన్లనూ కలిపి ఒకే మూట కడతాం. ఆ మూటే ఆబ్జెక్ట్. బయటివాళ్లు లోపలి డేటాను నేరుగా తాకలేరు. ఆబ్జెక్ట్‌కి పని చెప్పాలి, అది చేసి పెడుతుంది.

కామర్స్ చదివినవాళ్లకి ఇది లెడ్జర్ ఖాతాతో తేలిగ్గా అర్థమవుతుంది. ఖాతాలో నిల్వ ఎంత అన్నది ఎవరూ పెన్నుతో కొట్టేసి మార్చరు. డెబిట్ ఎంట్రీ గానీ క్రెడిట్ ఎంట్రీ గానీ వేస్తే దాన్ని బట్టి నిల్వ మారుతుంది. నిల్వ డేటా అయితే, డెబిట్ చేయడం, క్రెడిట్ చేయడం ఆ డేటాను మార్చడానికి ఉన్న దారులు. వేరే దారి లేదు. ఈ కట్టుబాటును మనిషి మంచితనానికి వదిలేయకుండా కంపైలర్‌కి అప్పగిస్తే అదే ఎన్‌క్యాప్సులేషన్.

ఇది ఎక్కడి నుంచి వచ్చింది?

చాలామంది జావాతో మొదలైందనుకుంటారు. కాదు. నార్వేలోని ఓస్లోలో ఓలే యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ తయారుచేసిన సిమ్యులా 67 భాషలోనే క్లాస్, ఆబ్జెక్ట్, ఇన్‌హెరిటెన్స్ ఉన్నాయి. 1970లలో అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో అలన్ కే బృందం స్మాల్‌టాక్ తెచ్చింది. బెల్ ల్యాబ్స్‌లో బ్యార్నే స్ట్రౌస్ట్రప్ 1979లో సీ భాషకే క్లాసులు కలపడం మొదలుపెట్టారు. దానికి 1983లో సీ ప్లస్ ప్లస్ అనే పేరు వచ్చింది. సన్ మైక్రోసిస్టమ్స్ జావాను బయటపెట్టింది 1995లో.

కోబాల్ కూడా పాత పద్ధతిలోనే ఆగిపోలేదు. 2002 ప్రమాణంలో దానికీ ఆబ్జెక్ట్ సదుపాయాలు చేరాయి. పీహెచ్‌పీకి 2004లో వచ్చిన 5వ వెర్షన్‌తో సరైన క్లాసులు వచ్చాయి. కాబట్టి ఇది పాత భాషకీ కొత్త భాషకీ మధ్య గొడవ కాదు. ప్రోగ్రామును ఎలా విడగొట్టుకోవాలి అన్నదే అసలు ప్రశ్న.

తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఉదాహరణ: వై2కే

1990ల చివర్లో తెలుగు ప్రోగ్రామర్లు ఎందరినో విమానం ఎక్కించింది వై2కే సమస్య. హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ బ్యాచులు కిటకిటలాడిన రోజులవి. 2000 దాటాక అవే వీధుల్లో బోర్డులు జావా, డాట్‌నెట్ వైపు తిరిగాయి.

ఆ సమస్య నిజానికి ఏమిటి? మెమరీ ఖరీదుగా ఉన్న కాలంలో సంవత్సరాన్ని 2 అంకెలతో దాచారు. 1975 అంటే 75. 2000 వస్తే 00 అవుతుంది. అప్పుడు 00 లోంచి 75 తీసేస్తే వయసు మైనస్ 75 వస్తుంది. వడ్డీ, పింఛను, గడువు తేదీ అన్నీ తప్పుతాయి.

2 అంకెలను 4 చేయడం పెద్ద పని కాదు. ఆ 2 అంకెలను వాడిన ప్రతి చోటునూ వెతికి పట్టుకోవడమే కష్టం. తేదీ ఎలా దాచారన్న సంగతి వందల ప్రోగ్రాముల్లో, లక్షల లైన్లలో తెరిచి పడేసి ఉంది. ఒకచోట తీసివేత, ఇంకోచోట పోలిక, మరోచోట రిపోర్టు ముద్రణ. చాలాచోట్ల ఫీల్డు పెంచడం కుదరక, ఒక అంకె కన్నా తక్కువుంటే 2000లు, ఎక్కువుంటే 1900లు అని సర్దుబాటు చేసి నెట్టుకొచ్చారు. దాన్నే విండోయింగ్ అనేవారు.

తేదీ లోపల ఎలా ఉందో ఒక్క మాడ్యూలుకే తెలిసి, మిగతా అందరూ "రెండు తేదీల మధ్య ఎన్ని రోజులు?" అని దాన్నే అడిగే ఏర్పాటు ఉండుంటే, లోపలి లెక్కలను సరిచేసే పని చాలావరకు అక్కడే తీరేది. ఫైళ్లలో అప్పటికే దాచిన పాత డేటాను మార్చే పని మాత్రం ఎలాగూ ఉండేది. మారే అవకాశం ఉన్న సంగతిని ఒక మాడ్యూలు లోపల దాచిపెట్టాలని డేవిడ్ పార్నాస్ 1972లోనే రాశారు. వై2కే మీద పనిచేసినవాళ్లకి ఈ సూత్రం ఎందుకు కావాలో పుస్తకం చదవకుండానే తెలుసు. కొత్తగా చేరిన పిల్లలకి లేనిది, మీకు ఉన్నది ఇదే.

బ్యారేజీ గేట్లతో నాలుగు మాటలు

క్లాస్, ఆబ్జెక్ట్, ఇన్‌హెరిటెన్స్, పాలీమార్ఫిజం అనే మాటలకు మన ఊరి బ్యారేజీనే ఉదాహరణగా తీసుకుందాం. ఇది అర్థం కావడానికి అల్లిన నమూనా మాత్రమే. అక్కడ నడిచే అసలు సాఫ్ట్‌వేర్ గురించి కాదు.

సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీకి 4 విభాగాలు, మొత్తం 175 గేట్లు. ధవళేశ్వరం వైపు 70, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. ప్రొసీజరల్ పద్ధతిలో రాస్తే ఇలా మొదలవుతుంది:

గేటు_ఎత్తు[175]
గేటు_ఎత్తు[12] = 3

ప్రోగ్రాములో ఎక్కడి నుంచైనా ఎవరైనా గేటు_ఎత్తు[12] = -5 అని రాసేయొచ్చు. కంపైలర్ అడ్డు చెప్పదు. ఆబ్జెక్ట్ పద్ధతిలో అయితే:

గేటు12.ఎత్తు(3)

ఇక్కడ "ఎత్తు" అనే మెథడ్ ముందు చూసుకుంటుంది. ఇచ్చిన అంకె హద్దులో ఉందా? గేటు మరమ్మతులో ఉందా? బాగుంటేనే ఎత్తుతుంది, లేకపోతే కుదరదని చెబుతుంది. ఆ తనిఖీ ఒక్కచోటే రాస్తాం.

క్లాస్ అంటే గేటు ఎలా ఉండాలి, ఏం చేయగలదు అనే నమూనా. ఆబ్జెక్ట్ అంటే ఆ నమూనా ప్రకారం తయారైన ఒక్కో గేటు. క్లాస్ ఒక్కటే, ఆబ్జెక్టులు 175.

కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ధవళేశ్వరం విభాగానికి ఒక క్లాస్, ర్యాలికి ఒక క్లాస్, మద్దూరుకు ఒకటి, విజ్జేశ్వరానికి ఒకటి అని 4 క్లాసులు రాసేస్తారు. అవసరం లేదు. నాలుగింటి ప్రవర్తన ఒకటే, మారేది పేరు, గేట్ల సంఖ్య మాత్రమే. కాబట్టి "విభాగం" అనే ఒక్క క్లాస్, దానికి 4 ఆబ్జెక్టులు చాలు. విలువలు మాత్రమే వేరైతే ఆబ్జెక్టులు, ప్రవర్తన వేరైతే క్లాసులు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే సగం అనవసర క్లాసులు తగ్గిపోతాయి.

పాలీమార్ఫిజం అంటే ఒకే మాట చెబితే ఎవరి పద్ధతిలో వాళ్లు పని చేయడం. గోదావరికి వరద వస్తే బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది ఇస్తారు. ఆ హెచ్చరికను ఎస్సెమ్మెస్‌తో పంపాలి, మైకులో చెప్పాలి, ఈమెయిల్ చేయాలి అనుకోండి. పాత పద్ధతిలో ఒక పెద్ద స్విచ్ కేస్ రాస్తాం: రకం 1 అయితే ఎస్సెమ్మెస్, 2 అయితే మైకు, 3 అయితే ఈమెయిల్. అదే స్విచ్ కేస్ లాగ్ రాసేచోట మళ్లీ వస్తుంది, ఖర్చు లెక్కలో మళ్లీ వస్తుంది. రేపు వాట్సాప్ కలపాలంటే అన్ని చోట్లా వెతకాలి. ఒక్కచోట మర్చిపోతే అక్కడ హెచ్చరిక వెళ్లదు.

ఆబ్జెక్ట్ పద్ధతిలో ప్రతి రకానికీ "పంపు" అనే మెథడ్ ఉంటుంది. పిలిచేవాళ్లు "పంపు" అని మాత్రమే అంటారు. వాట్సాప్ కలపాలంటే ఒక కొత్త క్లాస్ రాసి, హెచ్చరికల జాబితాలో చేరిస్తే చాలు. పంపే కోడ్‌ను ముట్టుకోనక్కర్లేదు. ఇలా "పంపు అనే మెథడ్ తప్పకుండా ఉండాలి" అని రాసుకున్న ఒప్పందాన్నే ఇంటర్‌ఫేస్ అంటారు.

ఇన్‌హెరిటెన్స్ అంటే ఉన్న క్లాస్ నుంచి కొత్త క్లాస్ పుట్టడం, తండ్రి గుణాలు బిడ్డకు వచ్చినట్టు. దీన్ని చాలామంది మొదట నేర్చుకుంటారు, అందుకే అవసరానికి మించి వాడతారు. బ్యారేజీ గేటు రకం కాదు. బ్యారేజీకి గేట్లు ఉన్నాయి. "ఇది అది రకం" అనగలిగితేనే ఇన్‌హెరిటెన్స్, "దీనికి అది ఉంది" అంటే ఒక ఆబ్జెక్టును ఇంకోదాని లోపల పెట్టుకోవడం, అంటే కంపోజిషన్. ఇన్‌హెరిటెన్స్ కన్నా కంపోజిషన్‌కే ముందు చోటివ్వమని 1994లో వచ్చిన ప్రసిద్ధ డిజైన్ ప్యాటర్న్స్ పుస్తకమే సలహా ఇచ్చింది.

ఇంకో జాగ్రత్త. శాశ్వతంగా మూసేసిన గేటు అని ఒక క్లాస్‌ను గేటు నుంచి పుట్టించారనుకోండి. దానికి "ఎత్తు" అంటే ఎర్రర్ ఇస్తుంది. అప్పుడు అన్ని గేట్లనూ ఎత్తమన్న పాత కోడ్ మధ్యలో ఆగిపోతుంది. తండ్రి చేస్తానన్న పని బిడ్డ కూడా చేయగలగాలి. ఈ నియమాన్ని బార్బరా లిస్కోవ్ 1987లో చెప్పారు, ఆమె పేరుతోనే పిలుస్తారు. ఇంటర్వ్యూల్లో తరచూ అడుగుతారు.

మీకు ముందే తెలిసినవి

సీ లో ఫైలు తెరిచినవాళ్లందరూ ఆబ్జెక్ట్ పద్ధతి వాడినవాళ్లే. ఎఫ్‌ఓపెన్ అంటే ఒక పాయింటర్ వస్తుంది. దాని లోపల ఏముందో మనం చూడం. ఎఫ్‌రీడ్‌కి, ఎఫ్‌క్లోజ్‌కి దాన్నే ఇస్తాం. డేటా దాగి ఉంది, పనులు మాత్రమే బయట ఉన్నాయి. ఓపెన్ చేయడం కన్‌స్ట్రక్టర్ లాంటిది, క్లోజ్ చేయడం డిస్ట్రక్టర్ లాంటిది.

స్ట్రక్చర్‌ను మొదటి పారామీటరుగా తీసుకునే ఫంక్షన్లు మీరు ఎన్నో రాసుంటారు. ఆ మొదటి పారామీటరే జావా, సీ ప్లస్ ప్లస్‌లలో కనిపించకుండా ఉండే "దిస్", పైథాన్‌లో కనిపించే "సెల్ఫ్". ఫంక్షన్ పాయింటర్లతో టేబుల్ కట్టి ఉంటే పాలీమార్ఫిజం చేతితో రాసినట్టే. లినక్స్ కెర్నెల్ సీ లోనే ఉన్నా, ఒక్కో డివైస్‌కి రీడ్, రైట్, ఓపెన్ ఫంక్షన్ల పాయింటర్లతో ఇదే పని చేస్తుంది.

తడబడే చోట్లు

1. అంతా ఒకే క్లాస్‌లో కుక్కడం. మెయిన్ అని ఒక క్లాస్ పెట్టి, అన్నీ స్టాటిక్ మెథడ్లుగా రాస్తే అది జావా వేషం వేసుకున్న సీ ప్రోగ్రామే. కంపైల్ అవుతుంది, నడుస్తుంది, కానీ మీరు మారినట్టు కాదు.

2. ప్రతి ఫీల్డుకూ గెట్, సెట్ పెట్టడం. నిల్వను ప్రైవేట్ అని రాసి, పక్కనే "నిల్వ మార్చు" అని ఒక సెట్ పెడితే తలుపుకు తాళం వేసి తాళంచెవి గుమ్మానికి వేలాడదీసినట్టు. "డెబిట్ చెయ్", "క్రెడిట్ చెయ్" లాంటి పనులే బయటికి ఇవ్వాలి.

3. కాపీ అనుకుంటే కాపీ కాకపోవడం. సీ నుంచి వచ్చేవాళ్లకు ఎక్కువ దెబ్బ తగిలేది ఇక్కడే.

ఖాతా2 = ఖాతా1

సీ లో ఇది స్ట్రక్చర్ అయితే పూర్తి కాపీ తయారవుతుంది, లెడ్జర్ పేజీకి జిరాక్స్ తీసినట్టు. జావాలో, పైథాన్‌లో అలా కాదు. ఒకే బీరువాకు రెండో తాళంచెవి ఇచ్చినట్టు. ఖాతా2లో 500 తీస్తే ఖాతా1లోనూ తగ్గుతుంది. సీ షార్ప్‌లో స్ట్రక్ట్ అయితే కాపీ, క్లాస్ అయితే తాళంచెవి. సీ ప్లస్ ప్లస్‌లో మామూలుగా కాపీయే అవుతుంది.

4. పోలికలో పొరపాటు. జావాలో రెండు ఆబ్జెక్టుల మధ్య రెండు సమానాల గుర్తు పెడితే, రెండూ ఒకటేనా అని చూస్తుంది గానీ లోపలి విలువలు ఒకటేనా అని చూడదు. పేర్లను పోల్చాలంటే ఈక్వల్స్ మెథడ్ వాడాలి.

5. కోడ్ పైనుంచి కిందికి చదవలేకపోవడం. పాత ప్రోగ్రాము కథలా సాగుతుంది. ఇక్కడ పని 10 క్లాసుల మధ్య తిరుగుతుంది. విసుగొస్తుంది, అది సహజం. ఒక బిల్లు ఎంట్రీ లాంటి ఒకే పనిని తీసుకుని డీబగ్గర్‌తో అడుగడుగునా వెళ్లండి. ఏ ఆబ్జెక్ట్ దేన్ని పిలిచిందో కాగితం మీద గీసుకోండి. నాలుగైదు సార్లు చేస్తే కన్ను అలవాటు పడుతుంది.

ఏ వరుసలో నేర్చుకోవాలి?

కొత్త ఉదాహరణలు వద్దు. కుక్క, పిల్లి, జంతువు అనే పాఠాలతో అనుభవం ఉన్నవాళ్లకు ఒరిగేదేమీ లేదు. మీరే రాసిన ఒక పాత ప్రోగ్రాము తీసుకోండి, 500 నుంచి 1000 లైన్లది. కంపెనీ కోడ్ కాకుండా సొంతంగా రాసుకున్నదైతే మంచిది.

మొదట, మార్చకముందే అది ఇప్పుడు ఇచ్చే ఫలితాలను దాచుకోండి. ప్రతి మార్పు తర్వాత అవే ఫలితాలు వస్తున్నాయా అని సరిచూడాలి.

రెండోది, ఎప్పుడూ కలిసి తిరిగే వేరియబుల్స్‌ను పట్టుకోండి. ఖాతా నంబరు, పేరు, నిల్వ మూడూ ప్రతి ఫంక్షన్‌కీ కలిసి వెళ్తున్నాయంటే అది క్లాస్ కావాల్సిన గుంపు.

మూడోది, ఆ గుంపు మీద పనిచేసే ఫంక్షన్లను క్లాస్‌లోకి తీసుకెళ్లండి. తర్వాత ఫీల్డులను ప్రైవేట్ చేయండి. కంపైలర్ ఎర్రర్లు వరుసగా వస్తాయి. భయపడొద్దు. ఇంతకాలం ఎవరెవరు ఆ డేటాను నేరుగా ముట్టుకుంటున్నారో చెప్పే జాబితా అది.

నాలుగోది, ఒకే రకం మీద రెండు మూడు చోట్ల కనిపించే స్విచ్ కేస్‌ను వెతికి పాలీమార్ఫిజంగా మార్చండి. ఒక్కచోటే ఉంటే వదిలేయండి, దాంతో నష్టం లేదు.

ఇన్‌హెరిటెన్స్ అన్నిటికన్నా చివర. డిజైన్ ప్యాటర్న్స్ ఆ తర్వాత. ముందే బట్టీ పడితే ప్రతిదాంట్లో ప్యాటర్నే కనిపిస్తుంది.

ఏ భాష ఎంచుకోవాలి?

మీకు తెలిసినదానికి దగ్గరగా ఉన్నదే. సీ వాళ్లకు సీ ప్లస్ ప్లస్ గానీ జావా గానీ. మెయిన్‌ఫ్రేమ్ కోబాల్ వాళ్లకు జావా, ఎందుకంటే బ్యాంకుల్లో ఈ రెండూ పక్కపక్కనే నడుస్తుంటాయి. విజువల్ బేసిక్, ఫాక్స్‌ప్రో వాళ్లకు సీ షార్ప్ దగ్గర. విజువల్ బేసిక్ 6 డెవలప్‌మెంట్ టూల్‌కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2008లో, విజువల్ ఫాక్స్‌ప్రో 9కి 2015లో ఆగిపోయింది. ఇంకా వాటి మీదే ఉన్నవాళ్లు ఆలస్యం చేయకపోవడం మేలు. సాప్‌లో అబాప్ రాసేవాళ్లకు అక్కడే అబాప్ ఆబ్జెక్ట్స్ ఉంది.

అన్నిటికీ ఇదే మందా?

కాదు. ఒకసారి నడిపి పక్కన పెట్టే స్క్రిప్టుకు, ఎస్‌క్యూఎల్ రిపోర్టుకు, చిన్న చిప్ మీద నడిచే కోడ్‌కు ప్రొసీజరల్ పద్ధతే హాయి. 2009లో గూగుల్ బయటపెట్టిన గో భాషలో క్లాసుల ఇన్‌హెరిటెన్స్ అసలు లేదు, ఇంటర్‌ఫేస్‌లు మాత్రం ఉన్నాయి. అంటే కొత్తగా వచ్చిన భాషలు కూడా ఈ పద్ధతిలోంచి పనికొచ్చేవి మాత్రమే తీసుకుంటున్నాయి. ఎక్కడ ఏది వాడాలో ఎంచుకోగలగడం అనుభవం ఉన్నవాళ్ల బలం.

ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లకు

నాలుగు నిర్వచనాలు అప్పజెప్పడంలో ఫ్రెషర్లతో పోటీ పడకండి, అక్కడ వాళ్లే ముందుంటారు. మీ పాత పని నుంచి ఒక సంఘటన చెప్పండి. పన్ను శాతం మారితే ఎన్ని ఫైళ్లు వెతకాల్సి వచ్చింది, ఎన్ని చోట్ల మర్చిపోయారు, అదే ప్రోగ్రాము ఇప్పుడు రాస్తే ఆ శాతాన్ని ఏ క్లాస్‌లో దాస్తారు, ఎందుకు. పాత ప్రోగ్రామును మార్చి రాసింది ల్యాప్‌టాప్‌లో ఉంటే అదీ చూపించండి. ఎన్‌క్యాప్సులేషన్ అర్థమైందని చెప్పడానికి ఇంతకన్నా మంచి జవాబు లేదు.

ఇంట్లోవాళ్లకూ ఒక మాట. రోజుకు గంటన్నర చొప్పున కూర్చుంటే మొదటి కొన్ని వారాల్లో పని నెమ్మదించినట్టే కనిపిస్తుంది. పాత పద్ధతిలో పది నిమిషాల్లో రాసేది గంట పడుతుంది. తెలివి తగ్గిందని కాదు, చేతి అలవాటు మారుతోందని అర్థం. ఆ గంటన్నర సమయం ఇంట్లో ప్రశాంతంగా దొరికితే సగం సాయం చేసినట్టే.